కోన్యాకులో ముంచిన చుట్ట

సోమవారం మధ్యాహ్నం రెండు దాటి అయిదు నిమిషాలకు జ్ఞానదాసు ఆ గదిలో అడుగుపెట్టాడు. పెట్టీ పెట్టగానే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మనిషిని మోసుకుపోయి ఇరవై నాలుగు గంటలు కావస్తున్నా కంపు మాత్రం కదల్లేదు. నిన్నటి పొగ, తివాచీ మీద ఒలికిన కోన్యాకు, తోలు సోఫాకు పట్టిన చెమట, మూడూ కలిసి కుళ్ళిన ఊరగాయ జాడీలా మగ్గుతున్నాయి. దీన్నే పెద్దమనుషులు ‘అరోమా’ అంటారు కాబోలు.

గది యజమాని, అంటే నిన్న మధ్యాహ్నం దాకా యజమాని, అర్జునరావు. రేవుకొచ్చే ఓడలకు బియ్యం మొదలు సబ్బుల దాకా సరుకు అందించే కాంట్రాక్టరు. ప్రతి ఆదివారం భోజనం కాగానే ఈ గదిలో చేరి, ఓడ కెప్టెన్ల చేత తెప్పించుకున్న క్యూబా చుట్ట ఒకటి వెలిగించి, ఫ్రెంచి కోన్యాకు బ్రాందీ పోసుకుని, గంటన్నర సేపు స్వర్గంలో ఉండేవాడు. నిన్న నిజంగానే పోయాడు. ఒంటిగంటా ముప్ఫైకి చుట్ట వెలిగింది. ఒంటిగంటా యాభైకి మనిషి సోఫా మీంచి జారి కిందపడ్డాడు, నోట్లోంచి నురగ. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. పొలాలకు కొట్టే పురుగుమందు జాతి విషమని డాక్టరు రాశాడు.

సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టర్ అచ్యుతరామయ్య ఆ ఇంటి పనిమనిషి పోతమ్మను పట్టుకుపోయాడు. ఇవాళ అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఆ గుమ్మం దాటితే జైలే. ఆమెకు జామీను ఉండే నాథుడు లేడు, విచారణ ఎన్నేళ్ళు సాగుతుందో దేవుడికి కూడా తెలియదు.

జ్ఞానదాసును పిలిపించింది అర్జునరావు భార్య ఈశ్వరి. పద్దెనిమిదేళ్ళు కస్టమ్స్‌లో చేసి, పై అధికారి మొహం మీద ఫైలు విసిరి బయటికొచ్చి, కంచరపాలెంలో ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి అతను.

"పోతమ్మ మా ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా చేస్తోంది, దాసుగారూ. నా పిల్లల్ని ఎత్తుకు పెంచింది. అది ఆయన్ని చంపిందంటే నేను నమ్మను" అంది ఈశ్వరి పొద్దున ఫోన్లో. తాళి తెగిన మర్నాడు పనిమనిషి కోసం ఏడ్చే ఇల్లాలిని జ్ఞానదాసు చూడ్డం అదే మొదలు.

అతను గదంతా ఒకసారి కలయజూశాడు. గ్లాసునీ, సీసానీ, యాష్‌ట్రేలోని సగం చుట్టనీ పోలీసులు పట్టుకుపోయారు. బల్ల మీద చుట్టల పెట్టె మాత్రం అలాగే ఉంది. దేవదారు చెక్క, ఇత్తడి బిళ్ళ. మూత తీసి, ఒక చుట్టను రుమాలుతో పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత మరొకటి. అతని మొహం ముడుచుకుంది.

"దాసుగారు కదూ. కస్టమ్స్‌లో ఉండీవోరు."

గుమ్మంలో తాతబాబు. అర్జునరావుకు వ్యాపారంలో వాటాదారు. పరామర్శకు వచ్చినవాడు పరామర్శకు తగ్గట్టుండాలి. ఈయన బొజ్జ ముందూ తాను వెనకా లోపలికొచ్చి, అద్దాల బీరువా తెరిచి, చచ్చినవాడి మరో సీసాలోంచి చచ్చినవాడి మరో గ్లాసులోకి రెండు వేళ్ళ మందాన పోసుకున్నాడు.

"ఏటండీ ఈ గోరం" అన్నాడు, ఒక గుక్క వేసి. "ఆడు మనిషంటే మనిషండి. చుట్ట ఎలాగ తాగాలో ఆడి దగ్గర నేర్సుకోవాలి. మన కోటేరు నాటుచుట్ట కాల్చినట్టు గుప్పుగుప్పుమని కాల్చీసి పారేసీడం కాదు."

"మరెలా తాగేవాడు?"

తాతబాబు కళ్ళు మూసుకున్నాడు. "తల వైపు కొద్దిగా కోసి, ఆ కోసిన మొనని కోన్యాకులో ముంచాలండి. ముంచి, నాలిక మీద ఎట్టుకుని, సిన్నపిల్లడు పాలపీక సీకినట్టు సీకాలి. అప్పుడు ముందు తోలు రుచి తగుల్తాది. తరవాత కోకో. ఆఖర్న తడిసిన మట్టి." అని పెదాలు చప్పరించాడు. ఆ పెదాల మూల తెల్లటి తడి మెరిసింది.

"తోలూ మట్టీ నాకడానికి క్యూబా దాకా పోవాలా?" అన్నాడు జ్ఞానదాసు. " నిన్న మీరెన్నింటికి వచ్చారు?"

"పన్నెండున్నరకి. ఇక్కడే బోజనం."

"వెళ్ళింది?"

"ఒంటిగంట ఇరవై. గోపాలపట్నం గోడౌన్ నుంచి ఫోనొచ్చింది, అర్జెంటని."

"అంటే ఆయన చుట్ట వెలిగించడానికి పది నిమిషాల ముందు. ప్రతి ఆదివారం మీరిద్దరూ కలిసే కాల్చేవారని ఈశ్వరిగారు చెప్పారు. మూడేళ్ళలో ఒక్క వారం తప్పలేదట."

"నిన్న గొంతు నొప్పండి."

"ఇవాళ తగ్గినట్టుంది."

తాతబాబు చేతిలో గ్లాసు వైపు తానే ఓసారి చూసుకుని, నవ్వబోయి మానేశాడు.

"ఇంకొక్క మాట" అన్నాడు జ్ఞానదాసు. "ఈ చుట్టల తలలు ఎవరు కోసేవారు?"

"ఆడే. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చీవోడు కాదు. తాగీ ముందు ఒక్కటంటే ఒక్కటి, తన కటరుతో కోసీవోడు. ముందే కోసీసి ఉంచితే ఎండిపోద్దండి, రుచి సచ్చిపోద్ది. అదాడి నియమం."

"అలాగా. మరి ఈ పెట్టెలో ఉన్నవాటికి ఒక్కదానికీ తల లేదేం?"

తాతబాబు పెట్టె వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "ఓడోళ్ళు అలాగే పంపినారేమో."

"పద్దెనిమిదేళ్ళు ఓడల్లోంచి దిగే పెట్టెలు విప్పాను, తాతబాబుగారూ. క్యూబా వాడు తల కోసి పంపడు. పైగా కోసిన చోట చూడండి, నల్లగా మరక కట్టి, గంజి పెట్టినట్టు బిగిసి ఉంది. పెట్టె ఎవరు తెచ్చారు?"

"నాకు తెల్దు" అన్నాడు తాతబాబు. దొంగకు తేలు కుట్టినట్టు గ్లాసు బల్ల మీద పెట్టి, సగం అలాగే వదిలేసి, ఈశ్వరికి చెప్పనైనా చెప్పకుండా కారెక్కాడు.

ఆయన కారు బయటికి పోతుంటే పోలీసు జీపు లోపలికొచ్చింది. అచ్యుతరామయ్య దిగాడు. పల్నాడు వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఇస్త్రీ మడత నలగనివ్వడు, అన్నమాట వెనక్కి తీసుకోడు. ప్రైవేటు డిటెక్టివులంటే ఆయన దృష్టిలో పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఒక మెట్టు కింద.

"అప్పుడే దిగబడ్డారా డిటెక్టివ్‌గారు?" అన్నాడు. "ఏం కనిపెట్టారు?"

"విషం గ్లాసులో లేదు, అచ్యుతరామయ్యగారూ. చుట్టల్లో ఉంది. కోసిన మొనకు పట్టించారు. ఆయన ఏది తీస్తాడో తెలీదు గనక అన్నిటికీ పట్టించారు. మొన ముంచి చప్పరించే అలవాటు తెలిసి, ‘ఈసారికి నేనే కోసి పెట్టాను’ అని చనువుగా అనగలిగినవాడే చేశాడు. ముందు వీటిని ల్యాబుకు పంపండి. ఆ తాతబాబును కూర్చోబెట్టండి."

అచ్యుతరామయ్య తాపీగా నవ్వాడు. "బోడిగుండుకూ మోకాలికీ ముడేస్తున్నారు మీరు. నేనేమన్నా చుట్టల సంగతి చూడకుండా వదిలేశాననుకున్నారా? పోతమ్మ కొంగుముడిలో సగం కాల్చిన చుట్ట దొరికింది. ఇదే పెట్టెలోది. అదే ఎర్ర కాయితం ఉంగరం. నిన్న ఒకటింబావుకి బల్ల సర్దుతూ కొట్టేసిందట, పెరట్లో నించుని కాల్చిందట. అదే ఒప్పుకుంది."

"అయితే?"

"అయితే ఏంటండీ? చుట్టలో విషముంటే అది బతికెలా ఉంది? పొద్దున నాలుగు ఇడ్లీలు తింది, అయిదోది అడిగింది."

జ్ఞానదాసు పెట్టె మూత మూసేశాడు.

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడుస్తూ పోయాడు. "సీసాలోది కోడికి పోయించి చూశా, శుభ్రం. చుట్ట శుభ్రమని పోతమ్మే సాక్ష్యం. ఇక మిగిలింది గ్లాసు. తెచ్చిందది. పోసిందది. మనిషి పడిపోతే కేకలు వేసి, అంబులెన్సు వచ్చేలోపు గ్లాసు కడిగి బీరువాలో పెట్టిందది. మూడు రోజుల కిందట ఓ గ్లాసు పగలగొట్టిందని ఆయన దాన్ని చెంప మీద కొట్టాడు, ఈశ్వరిగారే చెప్పారు. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ల్యాబు రిపోర్టు కావాలి."

"పదిహేను రోజులు పడుతుంది. మేజిస్ట్రేటుగారు అయిదింటికే రమ్మన్నారు. పెట్టె మీద అంత మోజుంటే స్టేషనుకి పట్టుకురండి, సంతకం పెట్టి తీసుకుంటా. దారిలో ఒకటి వెలిగించి చూడండి, అనుమానం తీరుతుంది."

ఆ వెటకారం జ్ఞానదాసు ఒంటికి జెర్రిలా పాకింది. కానీ చెప్పుకోవడానికి ఏముంది? ఒకే పెట్టె, రెండు చుట్టలు, ఒకరు చచ్చారు, ఒకరు ఇడ్లీలు తింటున్నారు. ఆ ఇడ్లీల ముందు తన తెలివంతా బూడిదే.

మూడూ నలభైకి స్టేషను. పెట్టె అచ్యుతరామయ్య బల్ల మీద పెట్టి, అతను వెనక వసారాలోకి వెళ్ళాడు. పోతమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. రేవు ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం. యాభై ఏళ్ళుంటాయి, డెబ్బై ఉన్నట్టుంది. పక్కన స్టూలు మీద లేడీ కానిస్టేబులు నూకాలు.

"అమ్మగారు పంపినారా బాబూ?" అంది పోతమ్మ.

"అవును. గ్లాసు ఎందుకు కడిగావు?"

"అయ్యగారు పడిపోతే గలాసు దొల్లిపోనాది బాబూ. బేగీ తీసి కడిగీసి నోపల ఎట్టీసినాను. అది గానీ పగిలితే లెగిసి మల్లీ కొడతారని."

చచ్చిపోతున్న మనిషి లేచి కొడతాడని భయపడింది. ఆ భయమే ఆమె మెడకు ఉరైంది. జ్ఞానదాసుకు అర్జునరావు మీద, ఆ గది మీద, ఆ తోలూ కోకో రుచుల మీద ఒళ్ళు మండిపోయింది. పసిపిల్లలా పొగాకు చీకుతూ, గ్లాసు ముక్క కోసం పెద్దదాన్ని చెంప మీద కొట్టినవాడు. వాడి చావుకు ఈమె జైలుకు.

"చుట్ట తీశావని ఒప్పుకున్నావట."

"తీసినాను. బల్ల మీద ఎట్టె తెరిసీసుంది. అయ్యగారు అంత ఇదిగా కాలుత్తారు గదా, ఎలాగుంటాదో సూద్దామని బుద్ధి పుట్టినాది. ఏటున్నాది బాబూ అందులో. ఒకటే ఘాటు. సాయంత్రం తల తిరిగిపోయి ఓపాలి కక్కీసినాను." ఆమె నూకాలు వైపు తిరిగింది. "అమ్మీ, నిన్నట్నుంచి నోరు పీకేస్తంది. ఓ సుట్ట ముక్కుంటే ఇప్పించవా."

నూకాలు బయటికెళ్ళి బడ్డీలోంచి నాటుచుట్ట ఒకటి పట్టుకొచ్చింది. పోతమ్మ దాన్ని వెలిగించి, రెండు దమ్ములు లాగి నిప్పు రాజుకోగానే, చుట్టను గిర్రున తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

జ్ఞానదాసు చప్పున మొహం తిప్పుకున్నాడు.

అతని తల్లి జయశీలా అంతే. పాస్టరుగారికి తెలియకుండా వంటింటి వెనక నించుని, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టబోతే ఆ నోటి కంపుకు అతను పెనుగులాడి పారిపోయేవాడు. చివరికి అంగిలి పుండు పడి, మాట పోయి, ఆర్నెల్లు తీసుకుని పోయింది. ఆ ఆర్నెల్లలో కూడా కొడుకు పక్కన కూర్చున్నది తక్కువ. ఎక్కడ అడ్డపొగ కనిపించినా ఇప్పటికీ కళ్ళు పక్కకు తిప్పేసుకుంటాడు. అసహ్యం ఆ మంట మీదో, తన మీదో, అతనెప్పుడూ తేల్చుకోలేదు.

తిప్పిన మొహం సగంలో ఆగింది.

మెల్లగా వెనక్కి తిరిగి పోతమ్మ నోటి వైపు చూశాడు. నిప్పు లోపల. చుట్ట తల బయట, గాలిలో.

"పోతమ్మా, నిన్న ఆ పెద్ద చుట్ట కూడా ఇలాగే కాల్చావా?"

ఆమె చుట్ట తీసింది. "మరెలాగ కాలుత్తారు బాబూ ఆడోళ్ళు? ఇలాగైతే గాలికి నిప్పు రాలదు, సేతిలో పని ఆగదు."

"ఏ కొస వెలిగించావు?"

"కాయితం లేని కొస. కాయితం కాలితే నోట్లో సేదు గదా."

జ్ఞానదాసు ఒక్క అంగలో వసారా దాటాడు. "అచ్యుతరామయ్యగారూ, పోతమ్మ దగ్గర దొరికిన చుట్ట ముక్క బయటికి తీయండి."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూనే కవరు విప్పాడు. జ్ఞానదాసు దాన్ని బల్లమీద లైటు కింద పెట్టాడు. "ఎర్ర ఉంగరమున్న వైపు చూడండి. పంటి గాటు లేదు, ఎంగిలి తడి లేదు. కోసిన మొన మీద మరక మరకలాగే ఉంది. ఇప్పుడు కాలిన వైపు చూడండి. బూడిద నోటి తడికి తడిసి, ఎండి, పిడకలా అతుక్కుపోయింది. ఈమె నోట్లో పెట్టుకున్నది నిప్పున్న కొస. విషమున్న కొస ఆమె పెదాలకు తగల్లేదు. మీ పోతమ్మ సాక్ష్యం చుట్ట శుభ్రమని కాదు, అడ్డపొగ తాగానని."

"నిప్పు నోట్లో పెట్టుకుంటారా? ఛీ" అన్నాడు అచ్యుతరామయ్య. గుమ్మం దాకా వెళ్ళి పోతమ్మను చూసి, మొహం వికారంగా పెట్టుకుని తిరిగొచ్చాడు. "ఇదేం అలవాటయ్యా. నూకాలూ, నీకు తెలుసా ఇది?"

"మా అమ్మా అంతేనండి, మా అత్తా అంతేనండి."

"మరి ముందే చెప్పొద్దూ?"

"మీరడిగితే కదండీ సార్."

అచ్యుతరామయ్య కుర్చీలో కూలబడ్డాడు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయనకు అలవాటు లేని పని. మొండివాడేగానీ దొంగ కాదు. రిమాండు కాయితాలు డ్రాయరులోకి తోసేశాడు. "తాతబాబును పట్టుకురావడానికి మనిషిని పంపుతున్నా" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"ముందు ఈ పెట్టెకు సీలు వేయండి. ఎవడూ ముట్టుకోకూడదు." జ్ఞానదాసు మూత తీసి లెక్కపెట్టాడు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఇది పది పట్టే పెట్టె. ఏడున్నాయి. అర్జునరావుది ఒకటి, పోతమ్మది ఒకటి. ఇంకొకటేది?"

"శనివారం ఆయనే కాల్చి ఉంటాడు."

"కాల్చి ఉంటే శనివారమే పోయేవాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నా వైపు చూడకండి. నేను సిగరెట్టు కూడా ముట్టను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వసారాలో పోతమ్మ చుట్ట ఆర్పేసింది. మోకాళ్ళ మీద తల వాల్చుకుంది. జ్ఞానదాసు వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. "పోతమ్మా, నువ్వు తీసింది ఒకటేనా?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నిన్ను వదిలేస్తున్నారమ్మా. ఇంకో కేసు రాయరు, నాది పూచీ. నిజం చెప్పు."

"రెండు" అంది పోతమ్మ, నేల చూస్తూ. "ఒకటి మా ఆయనకిచ్చినాను. దాలయ్యకి. నిన్న ఏటకెల్తూ సద్దిక్యారేజీకి పెరటి గుమ్మంలోకొచ్చినాడు. రెండింటికి బోటెల్లిపోనాది. నన్నట్టుకొచ్చీసినట్టు కూడా ఆడికి తెల్దు బాబూ."

జ్ఞానదాసు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ ఇరవై. "అది కాల్చేసి ఉంటాడా?"

"లేదు బాబూ. వల మీద పనుండగా సుట్ట ముట్టడు. వలలు తీసీసి, బోటు ఇంటి మొగం పట్టినాక కూకుని కాలుత్తాడు. అదే ఆడి సరదా."

"రేవుకు ఎన్నింటికొస్తుంది?"

"అయిదున్నరకల్లా వచ్చీయాల."

అంటే బోటు ఈపాటికే మొహం తిప్పింది. అచ్యుతరామయ్య అప్పటికే ఫోను ఎత్తి రేవు నంబరు తిప్పుతున్నాడు. "బోట్లో వైర్‌లెస్ ఉందేమో అడగండి" అని అరిచాడు అక్కణ్ణుంచి.

"పాటలొచ్చీ రేడియో ఉంది బాబూ" అంది పోతమ్మ. ఇద్దరి హడావుడీ ఎందుకో ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

జ్ఞానదాసుకు ఒక్క ఆశ మిగిలింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, దేన్ని చూస్తే అతనికి వాంతొచ్చేదో దాని కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. "దాలయ్య కూడా నీలాగే అడ్డపొగే తాగుతాడు కదూ?"

నిన్నటి నుంచి నవ్వని పోతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మగోడు అడ్డపొగ తాగుతాడేటి బాబూ, నలుగురూ నవ్వరా? పాపం, అంత పెద్ద సుట్ట ఆడెప్పుడూ సూడ్నేదు. అయ్యగారిలాగ ఆ ఎర్ర కాయితమున్న ఏపే నోట్లో ఎట్టుకోవాలని నానే సెప్పి పంపినాను."